లఖ్దర్ వేలి ఎరుపు

రొట్టె తుంచుతున్న భర్త చూపుడువేలు చూసి వనీసా గుండె జారిపోయింది. కొస నుంచి కణుపుదాకా గోరింటాకు ఎరుపు! అల్జీరియాలోని ఈ కాన్‌స్టంటీన్ ఊళ్లో పెళ్లికొడుక్కి తప్ప ఏ మగాడి వేలు అలా పండుతుంది? ఇరవై రెండేళ్ల కాపురం... పిల్లల్లేరన్న మాట ఏనాడూ ఆయన నోట రాలేదు. ఇప్పుడు వేలు చెబుతోందా!

"ఏమిటయ్యా ఆ ఎరుపు?"

"తుప్పు," అని లఖ్దర్ చెయ్యి ఒళ్లో దాచుకున్నాడు.

తుప్పట! వారంగా ఇస్త్రీపెట్టె కనబడదు. ఆమె దాచుకున్న పెళ్లిబట్టల పత్రికలో నాలుగు నున్నటి పేజీలు మాయం. మేడగదికి తాళం. ఫోనులో ఆయన పెదవులు కదులుతాయి, మాట వినబడదు. గుసగుసలా, లేక తన చెవులేనా? ఏడాదిగా చెవులు మందగించిన సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. గొడ్రాలు, పైగా చెవిటిది... అలాంటిదాన్ని ఏ మగాడు ఏలుకుంటాడు!

వేలి సంగతి చెబితే ఆడపడుచు ధావియా పగలబడి నవ్వింది. "ఇంకేం కావాలి వదినా? బాజాలు గుమ్మంలో మోగితేగాని నమ్మవా!"

శుక్రవారం భోజనాలయ్యాక ఆమె మేడ ఎక్కి తలుపు తోసింది.

"ఎవతె అది? పేరు చెప్పు!"

లఖ్దర్ చేతిలో సోల్డరు కడ్డీ. బల్ల మీద ఇస్త్రీపెట్టె, ఎర్రనీళ్ల పళ్లెం, తీగలు గుచ్చే చిల్లుల బ్రెడ్‌బోర్డు. అందులో కాళ్లు దిగేసి నిలబడ్డ వేలెడు రాగిపలక, దాని మీద గోరంత మైక్రోకంట్రోలర్ చిప్పు.

ఆయన ఆమెకెదురుగా వచ్చి, పెదవులు కనబడేలా, నింపాదిగా చెప్పాడు. "బజారులో ఇలాంటి పలక దొరకలేదు, నేనే చేశాను. నీ పత్రిక కాగితం మీద గీతలు అచ్చేసి ఇస్త్రీ చేస్తే రాగికి అంటుకుంటాయి. మిగతా రాగిని ఆ ఎర్రనీళ్లు తినేస్తాయి. నా వేలు ఎర్రబడింది కూడా ఆ నీళ్లతోనే."

"ఎందుకిదంతా?"

"ఇక్కడే ఉండు," అని కిందికి వెళ్లాడు.

ఆమె అనుమానంగానే నిలబడింది. పారిపోయాడా? అంతలో పలక పక్కన ఎర్రదీపం టపటపా వెలిగింది! ఆయన కోసం పరుగున దిగి వీధితలుపు తీసింది. గంట మీట మీద వేలుంచి లఖ్దర్! ఆమెకు వినబడని గంట మేడ మీద దీపమై వెలిగింది.

"నీకెప్పటినుంచి తెలుసు?"

"చలికాలం నుంచి. వానలో మూడుసార్లు తలుపు కొట్టాను. కిటికీలోంచి కనబడుతూనే ఉన్నావు, శనగలు ఏరుకుంటూ..."

"మరి అడగలేదేం!"

"నువ్వు దాచుకున్నావుగా. లాక్కోవడం నాకు చేతకాలేదు."

ఎంత భయం మూటగట్టుకుంది ఇన్నాళ్లూ... వనీసాకు ఏడుపు ఆగలేదు. ఆ ఎర్రవేలిని రెండు చేతుల్లో పట్టుకుంది.

"ఈ మరక ఎన్నాళ్లుంటుంది?"

"పది రోజులు."

"కడగకు. రేపు నీ చెల్లెలు ధావియాను భోజనానికి పిలుస్తున్నాను!"