హాష్ గుర్తు లేని జవాబు

"ఈ కమాండ్లు ఎవరు కొట్టమన్నారు మిమ్మల్ని?"

మా ఆవిడ నాతో అన్న మొట్టమొదటి మాట ఇది. అప్పటికి ఆమె మా ఆవిడ కాదు, కంప్యూటర్ రిపేరు షాపు నుంచి వచ్చిన టెక్నీషియన్. నేను మా మేనత్త నడిపే పుస్తకాల బైండింగ్ షాపులో పనిచేస్తాను. పుస్తకాల వెన్ను మీద అంటించే పేర్లను ప్రింట్ తీయడానికి మాకున్నది ఒకే ఒక్క పాత కంప్యూటర్. దాని వయసుకు తేలికగా నడుస్తుందని ఎవరో అందులో విండోస్ బదులు లినక్స్ వేసిపెట్టారు. ఆ పొద్దున ప్రింటర్ ఉలకలేదు, పలకలేదు.

"ఇంటర్నెట్‌లో ఎవరో రాశారండీ," అన్నాను.

"ఎన్ని కొట్టారు?"

"పదకొండు."

ఆమె జిగురు డబ్బా పక్కకు జరిపి, కుర్చీ లాక్కుని కూర్చుంది. నేను కొట్టిన పదకొండు కమాండ్లనూ వరసగా తెర మీదికి తెప్పించి చదివింది. చదువుతూ పెదవి కొరుక్కుంది. కోపమనుకున్నాను. నవ్వు ఆపుకుంటోందని చాలా రోజుల తర్వాత తెలిసింది. ప్రింటర్‌కు వచ్చిన జబ్బు ఒక్కటేనట, వెనక వైరు వదులైంది. మిగతా జబ్బులన్నీ నా వైద్యం వల్ల వచ్చినవేనట.

తర్వాతి వారం అక్షరాల బదులు ఖాళీ డబ్బాలు ప్రింటయ్యాయి. మళ్లీ పిలిచాం. ఫాంటు లేదని తేల్చి, వేసి, ఊరికే వెళ్లిపోకుండా నాకు పాఠం మొదలుపెట్టింది. ఏ సెట్టింగ్ ఫైలు ముట్టుకున్నా ముందు దాని నకలు తీసిపెట్టుకోవాలి. ఒకసారికి ఒక్కటే మార్చి చూడాలి. ఎర్రర్ మెసేజ్ వస్తే భయపడి మూసేయకుండా చివరిదాకా చదవాలి. పనిచేస్తున్నదాన్ని కెలకకూడదు. మార్చిన చోట హాష్ గుర్తు (#) పెట్టి, ఎందుకు మార్చామో ఒక ముక్క రాయాలి.

"హాష్‌తో మొదలైన లైన్ని మెషీన్ చదవదు. అది మనుషుల కోసం," అంది.

మెషీన్ కడుపులో మనుషుల కోసం ఇంత చోటు ఉందంటే ఎవరికి ముచ్చటేయదు? ఆ రాత నేర్చుకోవాలనిపించింది. ఆమెకేమో మా పని మీద ఆరా. దారానికి మైనం ఎందుకు పట్టిస్తారు, జిగురు ఆరిందని వేలితో తాకకుండా ఎలా తెలుస్తుంది, అన్నీ కావాలి. ఒకరోజు నా చేతిలో సూది లాక్కుని ఎనిమిది పేజీలు కుట్టేసి, తలకిందులుగా కుట్టానని చూసుకుని, నా వంక చూసింది. ఆ చూపుకు నా సూది ఎక్కడ పెట్టానో మర్చిపోయాను. అది ఆమె చేతిలోనే ఉంది.

చిక్కేమిటంటే, నేర్చుకున్నకొద్దీ ఆమెను పిలవడానికి సాకులు కరిగిపోయాయి. "నువ్వే బాగుచేసుకుంటున్నావుగా, ఇంక ఆ పిల్లను పిలవడం దేనికిరా?" అని అత్తయ్య నిలదీసింది. కావాలని ఏదైనా చెడగొడదామా అనుకున్నాను. కానీ ఎవరు ఏం చేశారో మెషీన్ సెకన్లతో సహా రాసి పెట్టుకుంటుంది, ఆమె వచ్చీరాగానే మొదట చదివేది అదే.

ఒక మంగళవారం ఆఖరి పని చేసిపెట్టింది. రోజూ సాయంత్రం ఐదింటికి మా లేబుళ్లన్నీ ఇంకో డిస్కులోకి వాటంతటవే నకలవుతాయి. మధ్యలో ఆగితే ఆమె ఫోనుకు కబురు వెళ్తుంది. బ్యాగు సర్దుకుంటూ, తనను వేరే ఊరి బ్రాంచికి పంపుతామంటున్నారని, శనివారానికల్లా ఏ సంగతీ చెప్పాలని అంది.

వెళ్లొద్దని చెప్పాలి. నా నోటి నుంచి వచ్చింది మాత్రం, "అక్కడ కంప్యూటర్లు ఎక్కువా అండీ?"

ఆమె బ్యాగు భుజాన వేసుకుంది. "పనిచేస్తున్నదాన్ని కెలకొద్దన్నాను. తెరిచి చూడొద్దని అనలేదు," అని వెళ్లిపోయింది. కంప్యూటర్ గురించే అనుకున్నాను.

శుక్రవారం మధ్యాహ్నం వాన పట్టుకుంది. గిరాకీ లేదు. ఆమె లేకుండా వచ్చే సోమవారం ఎలా ఉంటుందో తలచుకోవడం ఇష్టంలేక, ఐదయిందని ఈ మెషీన్‌కు ఎలా తెలుస్తుందబ్బా అని నకలు తీసే కమాండ్లున్న ఆ బ్యాకప్ ఫైలు తెరిచాను. ఎనిమిదో లైను తెలుగులో ఉంది.

"# ఉండమంటే ఉండిపోతాను. జవాబు దీని కింద రాయండి. శనివారం పొద్దున వచ్చి చూస్తాను."

జిగురు వేళ్లతోనే ఒక్క మాట కొట్టి, సేవ్ చేసి, అప్పుడు ఊపిరి పీల్చుకున్నాను. నకలు తీయడం మర్చిపోయాను. ఇంకొకటి కూడా.

ఐదూ ఇరవైకి తలుపు తోసుకుని వచ్చింది. బ్యాగు లేదు, గొడుగు లేదు, జడ నుంచి నీళ్లు. ఫోను నా ముఖం ముందు పెట్టి చివరిదాకా చదవమంది.

చదివాను. తొమ్మిదో లైను. "వెళ్లకండి" అనే కమాండు దొరకలేదు. బ్యాకప్ ఆగిపోయింది.

"హాష్ పెట్టలేదు మీరు. మెషీన్‌కు మీ మాట అర్థం కాలేదట."

"మరి మీకు?"

"అర్థం కాకపోతే ఈ వానలో ఎందుకొస్తాను?"

అత్తయ్య కుడుతున్న పుస్తకం మీంచి తలెత్తకుండానే అంది: "ముందు ఆ అమ్మాయికి తువ్వాలివ్వరా. వాళ్ల నాన్నగారి నంబరు నేనడుగుతాలే."

మా పెళ్లయి నేటికి ఇరవై మూడు రోజులు. అద్దం దగ్గర రెండో దువ్వెన కనిపిస్తే ఎవరిదా అని ఒక్క క్షణం ఆగి, గుర్తొచ్చి, ఒక్కణ్ణే నవ్వుకుంటున్నాను. ఆ తొమ్మిదో లైనుకు హాష్ ఆమే పెట్టింది. దాని కింద "# సరే" అని ఇంకో లైను కూడా రాసింది. రోజూ ఐదింటికి మెషీన్ ఆ రెండింటినీ చదవకుండా దాటిపోతుంది. నేను మాత్రం తెరిచి చదువుకుంటాను.