పగలబడి నవ్వుతున్న ముఖం

"ఈరోజు బట్టల కొట్లో మా తాతయ్య బొమ్మతో మాట్లాడాడు!"

పిడుగు చేతిలో నీళ్ల గ్లాసు ఆగిపోయింది. హాల్లో తాతయ్య ఫోన్ పైకి చదువుతోంది. అవి తను ఇప్పుడే ట్యాబ్‌లోంచి క్లాసు పేజీలో పెట్టిన మాటలు!

ఆ పేజీలో ఏం రాసినా చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌ని తాతయ్య ఫోన్‌లో పెట్టింది పిడుగే. చూపు పోయాక మనవరాలి రాతలు వినడమే ఆయన కాలక్షేపం. నవ్వుల హడావుడిలో ఆ సంగతే మర్చిపోయింది.

పరుగెత్తింది. గుమ్మంలోనే ఆగిపోయింది.

"'అమ్మా, చొక్కాలెక్కడ?' అని అడిగి, జవాబు కోసం అలాగే నిలబడ్డాడు."

ఆ గొంతులో నవ్వు లేదు. వార్తలు చదివినట్టు చదువుతోంది.

"పగలబడి నవ్వుతున్న ముఖం. పగలబడి నవ్వుతున్న ముఖం. పగలబడి నవ్వుతున్న ముఖం."

తెర మీద ముద్దుగా ఉన్న ఎమోజీ ముఖాలే! ఇప్పుడు ఒక్కొక్కటీ చెంప మీద కొట్టినట్టుంది. అంతలో కింద స్నేహితులు పెట్టినవి కూడా మొదలయ్యాయి.

తాతయ్య తడుముకుని ఫోన్ ఆపాడు.

"ఎవరూ? పిడుగేనా?"

పిడుగు దగ్గరికి వచ్చింది.

"అది బొమ్మా? నువ్వు పక్కనే ఉన్నావుగా తల్లీ. ఒక్క మాట చెప్పలేకపోయావా?"

పిడుగు తల దించుకుంది.

"రేపు మీ క్లాసులో కథ చెప్పడానికి నేను రానులే. టీచరుకి చెప్పెయ్."

పోస్టు తీసేసింది. కానీ తాతయ్య విన్నదాన్ని ఎలా తీసేయడం? కళ్లు తుడుచుకుని ట్యాబ్‌లో మళ్లీ ఏదో రాసి తాతయ్య ఫోన్‌కి పంపింది.

"తాతయ్యా, ముందు నువ్వు విను. సరేనంటేనే పెడతా."

అదే గొంతు చదివింది. "కొట్లో బొమ్మని మా తాతయ్య మనిషనుకున్నాడు. నాకు తెలిసీ చెప్పలేదు. పైగా నవ్వాను. తప్పు నాదే."

తాతయ్య తడుముకుని మనవరాలి చెయ్యి పట్టుకున్నాడు.

"ఇంకో మాట కలుపు," అన్నాడు. "ఎంత అడిగినా పలకలేదంటే, కొట్టువాడు దానికి జీతం ఇవ్వట్లేదేమో!"

పిడుగు ఏడుస్తూనే కిసుక్కుమంది. "నవ్వు ముఖం పెట్టనా?"

"ఒక్కటి పెట్టు. అది నాది."

మర్నాడు క్లాసు గుమ్మంలో పిడుగు తాతయ్య చెయ్యి పట్టుకుని ఆగింది. చెవి దగ్గర నోరు పెట్టింది.

"ఎదురుగా నీ కుర్చీ. ఎడమపక్క మా టీచరు. నిజం మనిషే తాతయ్యా, మాట్లాడొచ్చు!"