జమిలి గీత

జమిలి తెర మీద ఆకుపచ్చ గీత ఎగిరెగిరి పడుతోంది. కోమలి కుర్చీ దగ్గరికి లాక్కుంది. చంద్రుడి ఇవతలిపక్క నుంచి ఒకరు, అవతలిపక్క నుంచి ఒకరు ఒకేసారి మాట్లాడతారు. రెండు మాటలూ దారిలోనే కలిసిపోయి, పైన తిరుగుతున్న నడిమిమెట్టుకి, అంటే కోమలి పనిచేసే కేంద్రానికి, ఒకే ముద్దగా చేరతాయి. ఆ ముద్ద విప్పకుండా ఇద్దరికీ తిప్పి పంపడమే ఆమె ఉద్యోగం. ఎవరి ఫోను పెట్టె వారి మాటను తీసేస్తుంది, మిగిలింది ఎదుటివారిది. ఒకరు చెబుతుంటే ఇంకొకరు ఆగే అలవాటు మనవాళ్లకి ఎటూ లేదు కాబట్టి పద్ధతి భేషుగ్గా కుదిరింది.

ఇద్దరూ ఒకే క్షణాన ఒకే మాటంటే మాత్రం రెండూ కొట్టేసుకుని గీత చదునవుతుందని శిక్షణలో చెప్పారు. దాన్ని చూసిన పాపాన ఎవరూ పోలేదు.

ఇప్పుడు మాట్లాడుతున్నది ఇవతలిపక్క నుంచి కోమలి తండ్రి భూషయ్య, అవతలిపక్క నుంచి కాబోయే అత్తగారు వర్ధనమ్మ. పెళ్లి ఎక్కడన్నదే పేచీ. మీవైపు భూమే కనబడదు, ఇక పెళ్లికి సాక్షి ఎవరని ఈయన. ఆ భూమి వెలుగులో మీవైపు అరుంధతి కనబడి చస్తుందా అని ఆవిడ. ఇవాళ తేలకపోతే సంబంధం తెగినట్టేనని ఇద్దరూ ముందే చాటేశారు. పెళ్లికొడుకు వినీల్ అంటే కోమలికి ప్రాణం. అతగాడేమో అమ్మ ముందు నోరెత్తడు.

ముద్దలో మూడో గొంతు కలపడం నేరం. కలిపితే ఏ పెట్టే దాన్ని తీసెయ్యలేదు, ఎదుటివారి మాటలాగే వినిపిస్తుంది. పైగా పెట్టెల్లో అందరిదీ ఒకటే యంత్రపు గొంతు. ఉద్యోగం పోతే పోయిందని కోమలి మైకు నొక్కింది.

"సరే, మీ మాటే కానివ్వండి."

గీత మాయమైంది. రెండువైపులా నోళ్లు మూతపడ్డాయి. ఎదుటివాళ్లు దిగొచ్చారనుకున్నారు మరి. కాసేపటికి గీత మునుపటికన్నా ఎత్తు లేచింది. తండ్రి సంగతి తెలిసిన కోమలికి ముద్ద విప్పకుండానే అర్థమైంది. గెలిచేసరికి మర్యాద పొంగుకొచ్చి, అబ్బే మీ దగ్గరే అంటే మీ దగ్గరే అని కొట్టుకుంటున్నారు. దేవుడా, ఇదిక తేలదు.

అంతలో పైఅధికారి పరాంకుశం లోపలికొచ్చాడు. వెలుగుతున్న మైకు దీపం చూసి కొయ్యబారిపోయాడు.

కోమలి కిటికీలోంచి బయటికి చూసింది. ఒక మూల భూమి, ఇంకో మూల అరుంధతి. ఆయన చూస్తుండగానే మళ్లీ నొక్కింది.

"పోనీ, నడిమిమెట్టులో చేద్దామా? ఇక్కడ భూమీ కనబడుతుంది, అరుంధతీ కనబడుతుంది."

తెర మీద, మాట వస్తోందని చెప్పే రెండువైపుల దీపాలూ ఒక్కసారే వెలిగాయి. గీత మాత్రం పలకలా చదునుగా పరుచుకుంది.

"మెట్టు చచ్చిందా?" అన్నాడు పరాంకుశం, గాభరాగా.

"లేదు సార్," అంది కోమలి కళ్లు తుడుచుకుంటూ. "ఇద్దరూ ఒకే మాట అన్నారు."