గేటు గది ముందు బండ

పొద్దున్నే టీ గ్లాసు పక్కన పెట్టి, దాదా ఖలందర్ తన ఉద్యోగాన్నంతా అరచేతిలో నిలబెట్టుకుని చూస్తున్నాడు. కమలాపురం అవతల రైల్వే గేటు దగ్గర కాపలా గది అది. ముప్పై ఏళ్లు ఆయన పచ్చజెండా ఊపిన చోటు. వంతెన కట్టాక గేటు తీసేశారు, గదిని పడగొట్టారు. ఇప్పుడు కూతురు షాహీనా దాన్ని ఎనభై ఏడో వంతుకు కుదించి, బొమ్మ రైళ్ల పిచ్చి ఉన్నవాళ్లు ఇంట్లో ముక్కలు అతికించి కట్టుకునే కిట్టుగా తయారుచేస్తోంది. నమూనాగా ఒకటి కట్టి తండ్రి చేతిలో పెట్టింది.

కొలతలన్నీ ఆయన చెప్పినవే. అంగడిలో లుంగీ కొన్నా జాన పెట్టి కొలిచి తెచ్చే మనిషి మరి!

"తలుపు పట్టాల తట్టు పెట్టినావు, బాగుండాది. కప్పు మీద నాపరాళ్లు శానా మందమైనాయే?"

"నిజం కొలత పెడితే కాగితమంత పలచనైతాది నాయనా. అతికించేటప్పుడు ఇరిగిపోతాది. అందుకే రవ్వంత మందం చేసినా."

"సరేలే." ఆయన బొమ్మను తిప్పాడు, మళ్లీ తిప్పాడు. ముఖం మారిపోయింది. "గది ముందర బండ యాడ?"

షాహీనా ల్యాప్‌టాప్ మీంచి తలెత్తలేదు. పదింటికల్లా డ్రాయింగు కడపలో కటింగ్ షాపుకు పంపాలి. నలభై కిట్లు, ఆమెకు వచ్చిన మొదటి పెద్ద ఆర్డరు. "అది తీసేసినా. ఇరవై నాలుగు ముక్కలకే చెక్క షీటు నిండిపోయింది. ఒక్క బండ కోసం ఇంకో షీటు యాడ వేసేది? కొనేవాళ్లకు కావాల్సింది గది, బండ గాదు."

"అయితే దీనికి మా గేటు పేరు పెట్టొద్దు."

"అయ్యో నాయనా! గోరంత ముక్క అది!"

"గోరంతదా?" ఆయన బొమ్మను కింద పెట్టేశాడు. "మీయమ్మ ఇరవయ్యారేండ్లు దాని మీద కూచున్నాది పాపా. గదిలోకి బయటోళ్లు రాగూడదని రూలు. పెండ్లాన్నైనా నేను రానిచ్చినోన్ని కాదు. ఎండైనా వానైనా సంగటి గిన్నె తెచ్చి, నేను తినేదాకా ఆడనే కూచోని, ఖాళీ గిన్నె తీసుకోని పోయేది. గది పోయింది. పీరమ్మా పోయింది. ఈ బొమ్మలో కూడా ఆయమ్మకు చోటు లేదంటివే!"

షాహీనా ఇప్పుడు తలెత్తింది. వేసవి సెలవుల్లో అమ్మ కొంగు పట్టుకుని తానూ వెళ్లేది. బండ కాలుతుందని అమ్మ తనను ఒళ్లో కూర్చోబెట్టుకునేది. ఎట్లా మరిచిపోయింది! కళ్లు తుడుచుకుని డ్రాయింగు తెరిచింది. విడివిడిగా గీసిన కిటికీ రెక్కల్ని ఒకే ముక్కగా కలిపేసింది. షీటు మూలన కాస్త చోటు మిగిలింది.

"ఎంత పొడవు నాయనా?"

"రెండు జానలు. ఒక్క మనిషికి సరిపోతాది. నేను జెండా చంకన పెట్టుకోని నిలబడే తింటాంటి. ఆయమ్మ పక్కన ఏనాడూ కూచోలేదు."

ఆమె బండ గీసింది. తర్వాత అట్టముక్క ఒకటి తాను గీసిన కొలతకే కత్తిరించి, నమూనా గది ముందు అతికించి ఇచ్చింది. దాదా ఖలందర్ కళ్లద్దాలు సవరించుకుని చూశాడు.

"తప్పు పాపా. తలుపు కన్నా పొడుగుండాది. ఇద్దరు కూచోవచ్చు దీని మీద."

"తెలుసు నాయనా."

ఆయన చాలాసేపు ఆ అట్టముక్కనే వేలితో నిమిరాడు. తువ్వాలుతో కళ్లు ఒత్తుకున్నాడు.

"అట్లే ఉండనీ," అన్నాడు. "పంపిచ్చు, పదైతాండాది."