ముత్యాలయ్య పడక మీద లైటు

"ముత్యాలయ్యా... వో ముత్యాలయ్యా..."

జువ్వలదిన్నె జెట్టీ చివర వలలు బాగుచేసుకుంటున్న ముగ్గురి చేతులు ఆగిపోయినాయి. ఆడగొంతు... పక్కన కట్టేసిన పడవలోంచే. పొద్దు గుంకి అరగంట కూడా కాలేదు.

ఆ పేరు అక్కడ ఎవరూ ఎత్తరు. ముత్యాలయ్య పోయినేడు ఆ పడవ మీంచే సముద్రంలో పడిపోయినాడు. ఒళ్లు దొరకలేదు. అప్పట్నుంచీ దాన్ని కట్టేసే చోటుకి చెడ్డపేరు. చీకటి పడితే అటు కుక్క కూడా పోదంటారు.

"పలకబాకండిరా," చిన్నపోలయ్య గొణిగినాడు. "పలికినోడు పోతాడు..."

గొంతు ఇంకోసారి పిలిచింది. అంతే — క్యాబిన్లో, ముత్యాలయ్య పడుకునే చెక్క పైన, చిన్న లైటు మెల్లగా వెలిగింది. దాని స్విచ్చి చిన్నపోలయ్యే ఆపి దిగినాడు...

వలలు అక్కడే ఉండాయి. మనుషులు లేరు.

ఇదంతా నాకు బెన్హర్ చెప్పినాడు. ఆ పడవకి వైరింగు చేసింది అతనే. సర్కారు వేట ఆపిన రెండు నెలల్లో ఓనరు శివశంకరన్న ముత్యాలయ్య పడక చెక్క మాత్రం పాతదే ఉంచి కొత్త క్యాబిన్ కట్టించి, కరెంటు పని బెన్హర్ చేతిలో పెట్టినాడు. ఇళ్లకి వైరింగు చేసిన చెయ్యి. పడవ పని ఇదే మొదటిది.

ముందు చర్చి క్యాలెండరు వెనక పటం గీసుకున్నాడు. బ్యాటరీ నుంచి లైటుకి పోయే తీగ ఎరుపు, తిరిగొచ్చేది నలుపు. స్విచ్చిలన్నీ ఎరుపు మీద. నాకు అది రెండు రంగుల దారాలతో అల్లిన పువ్వులా కనపడింది.

"ఒక్క దారం తప్పినా పువ్వు చెడిపోతాది కదా?" అన్నాను.

"నా చేతిలో తప్పదులే ఫేబీ," అని నవ్వినాడు. ఆ నవ్వుకే నేను పడిపోయింది. అది వేరే కథ.

వరసగా నాలుగు సాయంత్రాలు లైటు వెలిగింది. వేటకి పోయే రోజు దగ్గరికొచ్చింది. ఒక్క మనిషి కూడా పడవెక్కనన్నాడు.

శివశంకరన్న బెన్హర్‌ని పిలిపించినాడు. "నీ వైరింగులో ఏదన్నా తేడా ఉందా? నిజం చెప్పు."

"లేదన్నా. బైబిలు మీద ప్రమాణం."

ప్రమాణం చేసేసినాడు... అయితే తప్పు ఇంకెవరిదో కావాల కదా. చిన్నపోలయ్య అప్పుడు నోరు విప్పినాడు. "చెంబు పట్టుకోని పడవెక్కతా ఉంది, నేను చూసినా. కామాక్షమ్మ. మొగుడు పోయినాక దానికేదో పట్టింది. ఏదో చేస్తా ఉంది."

కామాక్షమ్మ ముత్యాలయ్య పెళ్లాం. పందొమ్మిదేళ్ల కాపురంలో మొగుడి పేరు నోట పలకని మనిషి. మాకు అదే ఎక్కువ భయమైంది... పేరు పెట్టి పిలిచేది ఆమేనా? ఎందుకు?

"రేపు పెద్దోళ్లలో పెట్టి తడ ఊళ్లో ఉండే వాళ్లన్న కాడికి తోలేద్దాం," అన్నాడు చిన్నపోలయ్య. "ఇంక ఈ ఊళ్లో అడుగుపెట్టకూడదు."

బెన్హర్‌కి ఆ మాట గుచ్చుకున్నింది. ఆ సాయంత్రమే ఎవరికీ చెప్పకుండా పడవెక్కి, పడక చెక్క కింద దూరినాడు. పడవ అడుగున చేరే నీళ్లు తోడే మోటారు కోసం బ్యాటరీ ఎప్పుడూ కలిపే ఉంటాది. లైటు మాత్రం ఆరే ఉంది.

అడుగుల చప్పుడు...

చెంబు సముద్రంలో ముంచిన చప్పుడు. చెక్క మీద నీళ్లు పోసి చేత్తో తుడస్తా ఉందామె.

"నీ పడక కడిగినా," అంటా ఉంది. "నువ్వు పోయిన రోజు పొద్దున్నే తగువాడి పంపిచ్చినా... రాబాక పో అన్నా. కోపం పోయుంటే వెలుగు. ముత్యాలయ్యా..."

చెక్క సందులోంచి ఉప్పునీళ్లు బెన్హర్ మొహాన పడినాయి. అక్కడే టేపు చుట్టిన జాయింటు తడిసింది. తీగ కింద ఇంజను ఇనుము. నల్ల తీగకీ ఇనుముకీ మధ్య నీళ్లు... పైన లైటు వెలిగింది.

అప్పుడు గుర్తొచ్చింది. శనివారం, చివరి లైటు. ఎర్ర తీగ చాల్లేదు. ఆరితే చాల్లే అని స్విచ్చి నల్ల తీగ మీద పెట్టేసినాడు. నీళ్లు పడితే కరెంటు స్విచ్చిని తప్పించుకోని ఇనుము దారిన బ్యాటరీకి పోతాది.

పైన ఆమె ఏడస్తా ఉంది. సంతోషంతో.

రెండు నిమిషాల్లో తీగ మార్చేసి పోవచ్చు. ఎవరికీ తెలవదు. కానీ ఆమె...

"దొరికింది!" టార్చిలైట్లు. శివశంకరన్న చెంబు లాగేసుకున్నాడు. చిన్నపోలయ్య ఆమె చెయ్యి పట్టినాడు.

"ఆయన వస్తా ఉండాడయ్యా," అంది కామాక్షమ్మ. "చూడండి, వెలుగుతా ఉండాడు. నన్ను తడకి పంపీబాకండి..."

"ఏం మంత్రమే అది?"

చెక్క కింద బెన్హర్ కాడ ఒక్క మాటే మిగిలింది. ఆ వెలుగు ఆర్పే మాట అది, నాకు తెలుసు.

బెన్హర్ బయటికి పాకి వచ్చి, తడిసిన మొహంతో ఆమె ఎదురుగా నిలబడినాడు.

"అక్కని వదలండన్నా. మంత్రం లేదు, దెయ్యం లేదు... అక్కా, వెలిగింది ముత్యాలయ్య మామ కూడా కాదు. స్విచ్చి నల్ల తీగ మీద పెట్టినా. ప్రమాణం అబద్ధం. తప్పు నాది."