తీగకు గుచ్చిన ఖాళీ ప్యాకెట్లు

ఆమె నాతో అన్న మొట్టమొదటి మాట, "చేతులు కడుక్కున్నారా?"

వాన పడుతోంది. కోళ్ల షెడ్డు ముందున్న మా కొట్టు చూరు కింద నిలబడి ఉంది. భుజాన ఐసుపెట్టె, చేతులకు రబ్బరు గ్లౌజులు, ముక్కు చివర ఒక వాన చినుకు. నేను అప్పుడే కోడిని కోసి, కత్తిని కింద పెట్టాను.

"కడుక్కుంటే కోడి మెచ్చుకుంటుందా?" అన్నాను.

"కోడి సంగతి తెలీదు. కొన్నవాళ్ల కడుపు మెచ్చుకుంటుంది."

పెద్దాస్పత్రి ల్యాబులో పనట ఆమెకు. కోడిమాంసంలో రోగం తెచ్చే బ్యాక్టీరియా ఉందా, ఉంటే మందులకు లొంగుతోందా అని సర్వే చేస్తున్నారు. మాంసం ముక్కను సంచిలో వేసి, మూతి బిగించి, కాగితాల అట్ట తీసింది.

"కోళ్లకు మందులేమైనా వేస్తారా?"

"దాణా, నీళ్లు."

"అంతేనా?"

"అప్పుడప్పుడు ప్రేమగా పలకరిస్తాను."

నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కుంది. 'మందులు లేవు' అని రాసుకుంది.

సరిగ్గా నా వీపు వెనక గుంజకు ఒక ఇనుప తీగ వేలాడుతోంది. దాని నిండా ఖాళీ ప్యాకెట్లు. మా నాన్న నాటి అలవాటు అది. నీళ్లలో ఏ మందు పొడి కలిపినా దాని ప్యాకెట్టు తీగకు గుచ్చుతాం, ఏ కోడిపిల్లలకు ఏది వేశామో మరిచిపోకుండా. జబ్బు చేశాక వేసేవి తక్కువ. చేస్తుందేమోనన్న భయంతో వేసేవే ఎక్కువ. నేను ఒక అడుగు వెనక్కి వేసి తీగకు అడ్డంగా నిలబడ్డాను.

ఆ తర్వాత ఆమె ప్రతి బుధవారం వచ్చింది. నేను బుధవారాలు ఉతికిన చొక్కా వేసుకోవడం మొదలుపెట్టాను. నాలుగో వారానికి 'మీరు' కాస్తా 'నువ్వు' అయింది. నేను ఆమెను 'గ్లౌజులు' అనేవాణ్ణి. తను నన్ను 'దాణా' అనేది. ఆ పేరు విన్నప్పుడల్లా లోపల ఎక్కడో ముల్లు గుచ్చుకునేది. అయినా పిలిపించుకునేవాణ్ణి.

ఒకసారి ఫోనులో ఫొటో చూపించింది. గాజు ప్లేటు, అందులో తెల్లటి బిళ్లలు.

"ప్లేటంతా బ్యాక్టీరియా. ఒక్కో బిళ్ల ఒక్కో మందు. బిళ్ల చుట్టూ గుండ్రంగా ఖాళీ పడిందనుకో, ఆ మందు పనిచేస్తున్నట్టు."

"పడకపోతే?"

"డాక్టరు దిక్కులు చూడాలి."

"ఇది ఎవరి కోడి?"

"ప్లేట్ల మీద పేర్లుండవు దాణా, నంబర్లే. ఏం, చెమటలు పడుతున్నాయేంటి?"

"ఉక్కగా ఉంది," అన్నాను. బయట వాన.

ఒక ఆదివారం వాళ్ల నాన్నగారు నన్ను చూస్తానన్నారు. రిటైరైన డ్రాయింగు మాస్టారు. కాంపస్ లేకుండా సున్నా గీస్తే వంక పెట్టలేం. ఉత్త చేతులతో ఎలా వెళ్తానని ఒక మంచి కోడిని శుభ్రం చేసి పట్టుకెళ్లాను. ఆ సమయానికి గ్లౌజులు బజారుకెళ్లింది.

"కోడిని కడగడం నా డిపార్టుమెంటోయ్," అని మాస్టారు నా చేతిలోంచి అందుకున్నారు. సింకులో కుళాయి పూర్తిగా తిప్పి కడిగారు. నీళ్లు గట్టు మీదా, చొక్కా మీదా చిందాయి. చెక్క మీద ముక్కలు కొట్టారు. అదే చెక్కను నీళ్లతో అలా తడిపి, కీరదోసకాయ చక్రాలుగా తరుక్కున్నారు. ఒక్కో చక్రం అచ్చంగా గుండ్రం.

"తింటావా?"

"పచ్చివి తినను మాస్టారూ."

"మా ఇంట్లోనూ అంతే. నష్టం మీదే," అని మొత్తం తనే తినేశారు.

కూర అందరం తిన్నాం. మాస్టారు నన్ను ఎగాదిగా చూసి, "చేతిలో పనుంది, మొహాన నవ్వుంది. చూద్దాం," అన్నారు. ఆ 'చూద్దాం' పట్టుకుని మూడు రోజులు గాల్లో తేలాను.

బుధవారం ఆమె రాలేదు. శుక్రవారం పొద్దున్న ఫోను వచ్చింది.

"నాన్న ఆస్పత్రిలో ఉన్నారు. రెండు రోజులైంది. జ్వరం దిగట్లేదు."

నేను వెళ్లేసరికి మాస్టారి కళ్లు తెరిచే ఉన్నాయి, కానీ నన్ను గుర్తుపట్టలేదు. పెదవులు పగిలిపోయాయి. సెలైను సూది గుచ్చని చేతి వేలితో దుప్పటి మీద సున్నాలు గీస్తున్నారు. వంకర సున్నాలు.

వరండాలో ఆమె తల్లి గోడకు చేరగిలబడి ఉంది. గ్లౌజులు నన్ను పక్కకు తీసుకెళ్లింది.

"కోడి నుంచి వచ్చే బ్యాక్టీరియానే. రక్తంలోకి ఎక్కింది. మరి కూర అందరం తిన్నాం కదా, మనకేం కాలేదేం?"

ఆకుపచ్చ చక్రాలు నా కళ్లముందు తిరిగాయి.

"కూర ఉడికింది," అన్నాను. "కీరదోస ఉడకలేదు. అదే చెక్క మీద తరిగారు. నేను చూశాను. నాకు తట్టలేదు."

ఆమె కళ్లు మూసుకుంది. తెరిచాక గొంతు తగ్గించి, "దాణా," అంది. "ఏ మందుకు లొంగుతుందో ప్లేటు రేపు మధ్యాహ్నానికి గానీ చెప్పదు. అప్పటిదాకా డాక్టరమ్మ ఊహించి ఎక్కించాల్సిందే. ఇప్పుడు ఎక్కించేది పనిచేస్తున్నట్టు లేదు. నిజం చెప్పు. నీ కోళ్లకు దాణా, నీళ్లేనా?"

అవునంటే ఆమె నాకు మిగులుతుంది. మాస్టారు మిగలకపోవచ్చు. కాదంటే ఆమె ఇంకెప్పుడూ నా మొహం చూడదు.

"కాదు," అన్నాను.

"ఏం కలిపావు?"

"తెస్తాను."

వానలో బండి ఎలా నడిపానో తెలీదు. తీగ లాగేటప్పుడు వేలు తెగింది. అది కూడా ఆస్పత్రిలో ఎవరో చెబితే చూసుకున్నాను. డాక్టరమ్మ బల్ల మీద తీగను పరిచాను. ఆవిడ కళ్లజోడు సవరించుకుని ఒక్కో ప్యాకెట్టూ చదివింది.

"ఇది, ఇది... ఇదిగో, మనం ఎక్కిస్తున్న మందుకు దగ్గర చుట్టం ఇది. నెలల తరబడి దీనితోనే పెరిగిన సూక్ష్మజీవి మనం పోస్తే బెదురుతుందా? ఈ తీగ మీద లేని మందు మొదలుపెడదాం. తప్పయితే రేపు ప్లేటే చెబుతుంది."

గ్లౌజులు నా పక్కనుంచి నడిచి, రెండడుగులు వేసి ఆగింది. వెనక్కి తిరగలేదు.

"ఇన్ని వారాలు. ఇన్ని వారాలూ నీ మాట నమ్మి రాశాను."

నన్ను ఎవరూ ఉండమనలేదు, పొమ్మనలేదు. వరండాలో బల్ల మీద కూర్చున్నాను. నా కొట్టులోంచి ఎన్ని కోళ్లు వెళ్లాయి? ఎన్ని సింకులు, ఎన్ని చెక్కలు? ఎవరు కడుపు పట్టుకుని వచ్చినా నా కోడేనేమో అని లేచి నిలబడేవాణ్ణి.

మర్నాడు మధ్యాహ్నం ఆమె ప్లేటు తెచ్చింది. మూతకు టేపు వేసి ఉంది. కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుంది. ఆరు బిళ్లలు. ఐదింటిని ఆనుకుని బ్యాక్టీరియా నాచులా పెరిగిపోయింది. ఆరో దాని చుట్టూ మాత్రం శుభ్రంగా, గుండ్రంగా ఖాళీ.

"నిన్న మొదలుపెట్టింది..."

"ఇదే," అంది.

"ఒక్కటేనా మిగిలింది?"

"ఒక్కటే."

ఆమె ప్లేటును మెల్లగా కిందికి దించింది.

రెండు రోజులకు జ్వరం దిగింది. పది రోజులకు మాస్టారు ఇంటికొచ్చారు. నేను వాళ్ల గేటు దాకా వెళ్లి ఆగిపోయాను.

"అక్కడే నిలబడ్డావేం నాయనా? ఆయన పిలుస్తున్నారు," అంది ఆమె తల్లి.

మాస్టారు సగమైపోయారు. చేతిలో కూతురి ఫోను, అందులో ఆ ప్లేటు ఫొటో.

"ఇంత నిండు సున్నా నేనెప్పుడూ గీయలేదోయ్."

"మాస్టారూ, నా వల్లే..."

"నీళ్లలో కలిపింది నువ్వు. సింకులో కడిగి చెక్క మీద తరిగింది నేను. ఇద్దరం కలిసి నన్ను చంపబోయాం. నువ్వు తీగ తేకపోతే ఆ పనీ అయిపోయేది."

"ఇక పశువుల డాక్టరు జబ్బని చెబితే తప్ప పొడి ముట్టను."

"ఆ మాట నాకు కాదు, దానికి చెప్పు." వంటింటి వైపు తల తిప్పారు. "నా వరకు నువ్వు నాకు సమ్మతమే. దానికే ఇంకా జ్వరం దిగలేదు."

వంటింట్లో ఆమె సింకు దగ్గర నిలబడి ఉంది. గోడకు రెండు కొత్త చెక్కలు. ఒకదాని మీద మాస్టారు ఎర్ర రంగుతో కోడి బొమ్మ వేశారు.

"సర్వే కాగితాలు మళ్లీ రాశాను," అంది అటే తిరిగి. "నీ కొట్టు దగ్గర 'మందులు వేస్తారు' అని."

"తీగ మీదున్నవన్నీ రాయి. ఒక్కటీ వదలకు."

"బుధవారం శాంపిల్‌కి వస్తాను. తీగకు కొత్త ప్యాకెట్టు కనిపించిందో..."

"కనిపిస్తే అడుగు. ఈసారి అడ్డం నిలబడను."

అప్పుడు తిరిగింది. కళ్లు తడిగా ఉన్నాయి. "నాకింకా భయంగానే ఉంది దాణా."

"నాక్కూడా," అని చేయి చాచాను.

ఆమె దానివైపు చూసింది. "కడుక్కున్నావా?"

కుళాయి తిప్పాను. సబ్బు రుద్దుకున్నాను. వేళ్ల సందులు, గోళ్లు, మణికట్టు. నీళ్ల కిందకి మెల్లగా ఇంకో రెండు చేతులు వచ్చి నా చేతుల్లో చేరాయి.

గ్లౌజులు లేవు.