తవుడుకు అమ్మిన కొడుకు

దగ్గరికి జరగండమ్మా. పెళ్లీడు పిల్లలే కదా, ఈ కథ మీరు వినొచ్చు. తల్లాడ పక్క ఊళ్లో, సాగరు కాలువ నీళ్లొచ్చిన కొన్నేళ్లకు జరిగిన సంగతి.

ఆ పొద్దున ఆదెమ్మ వాకిట్లో బియ్యం చెరుగుతోంది. లోపల కోడలు హైమ ట్రంకుపెట్టె సర్దుతోంది. చీరల తర్వాత చంటిదాని గౌన్లు కూడా పెట్టెలోకి పోవడం చూసి ఆదెమ్మ చేట కింద పెట్టింది.

"యాడికే హైమా?"

"మా అమ్మోళ్లింటికి. మళ్ల రాను అత్తమ్మా."

"గంత కోపమేందే? మగోడన్నంక..."

"గా మాట ఇంకోసారి అనకు! నిన్న దవాఖానకు పోతే, ఈ రోగం నీ మొగుడు తెచ్చిందేనని నర్సమ్మ నలుగుర్ల అన్నది. సోకులు ఆయనకు, సూదులు నాకు!"

ఆదెమ్మ కొడుకు పిచ్చయ్య భద్రాచలం అడవి నుంచి వెదురు తోలే లారీ డ్రైవరు. వైరాలో ఒకామె, సత్తుపల్లిలో ఇంకొకామె. "లారీకి ఆరే చక్రాలు, పిచ్చయ్యకు ఊరికో ఇల్లు" అని జనం నవ్వేవాళ్లు.

అంతలో అతనే వచ్చాడు, చేతిలో మల్లెపూల పొట్లంతో. తప్పు చేసిన ప్రతిసారీ పూలు తెచ్చేవాడు. పెట్టె చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"నేనేం తక్కువ చేసిన?" అంది హైమ. "గా ఆడోళ్ల కాడ ఏమున్నది?"

"ఏం లేదు హైమా. ఒట్టు. ఎవరన్నా దగ్గరికి తీస్తే ఆ కాసేపు పానం నిమ్మళంగుంటది. వదలంగనే బాయిల పడ్డట్టయితది. మళ్ల ఇంకో ఇల్లు. నా మీద నాకే రోత."

"మరి నేను దగ్గరికి తియ్యలేదా?"

"తీసినవ్. నువ్వెప్పుడు నూకేస్తవోనని భయం. గందుకే నేనే ముందుగాల పోత." తల్లి వైపు తిరిగాడు. "యాదున్నదా పెద్దమ్మా? జ్వరమొచ్చి నీ ఒళ్లో తల పెడితే రామక్క కాడికి పొమ్మన్నవ్. ఆమె మీ ఇంటికి పొమ్మన్నది. నడి బజార్ల కూసున్న."

కన్నతల్లినే పెద్దమ్మ అన్నాడు. ఎందుకంటే, ఆదెమ్మకు మొదటి ఇద్దరు మగపిల్లలూ పురిట్లోనే పోయారు. మూడోవాడు బతకాలని చేటలో పడుకోబెట్టి, ఎదురింటి రామక్కకు సోలెడు తవుడుకు అమ్మేశారు. పిచ్చయ్య అని పేరు పెట్టారు. నా కొడుకని అనకు, అమ్మా అని పిలిపించుకోకు, ఒళ్లో పెట్టుకోకు, దిష్టి తగులుతుందన్నారు పెద్దలు. ఐదో ఏడు రాగానే తవుడు తిరిగిచ్చి కొనుక్కోవాలి. ఆదెమ్మ ఏటా తవుడు కొలిచేది. పోయిన బిడ్డలు కళ్ల ముందు కదిలేవారు. వచ్చే ఏడు చూద్దాంలే అని మళ్లీ కుండలో పోసేసేది. అట్లా ముప్ఫై ఏళ్లు.

బతికించుకున్నాననే అనుకుంది ఇన్నాళ్లూ.

లేచి, చేట నిండా తవుడు పోసుకుని బజారు దాటింది. "రామక్కా, నా కొడుకును నాకియ్యి."

"ఇప్పుడా వదినా? ఆ తవుడు తిన్న బర్రె సుత సచ్చిపాయె!" అని నవ్వబోయిన రామక్క, ఆమె మొహం చూసి నవ్వు మింగేసింది. రెండు చేతులా చేట అందుకుంది.

తిరిగొచ్చి ఆదెమ్మ అరుగు మీద కూర్చుంది. కొడుకు తలను ఒళ్లోకి లాక్కుంది. అతను కర్రలా బిగుసుకుపోయాడు. ఒళ్లో ఎట్లా పడుకోవాలో ఆ శరీరానికి తెలియదు మరి. "కొడకా, నేనే నూకేసిన్రా" అని ఆమె గొల్లుమంటే, చాలాసేపటికి గానీ అతని మెడ సడలలేదు.

గుమ్మంలో హైమ కళ్లు తుడుచుకుంది. పెట్టె మాత్రం దించలేదు.

"నీ బాధకు ఏడుస్త గానీ, గా బాధకు నా ఒళ్లు బలిగాదు. సూదులు ఏసుకో. లారీ మానెయ్. గప్పుడు రా, మాట్లాడుదం."

పదకొండు గంటల బస్సుకు వెళ్లిపోయింది. అతను సూదులు వేయించుకున్నాడు, లారీ మానేశాడు. మధ్యలో ఒకసారి జారాడు, తనే వెళ్లి భార్యకు చెప్పుకున్నాడు. రెండేళ్లకు హైమ తిరిగొచ్చింది. ట్రంకుపెట్టె మంచం కిందే ఉంచింది, అందేంత దూరంలో.

ఆదెమ్మను అతను అమ్మా అని పిలవగలిగింది ఆమె పోయే ముందు ఒక్కసారే.

ఈ కథ మరవకండి తల్లీ. మీకు పిల్లలు పుట్టాక వాళ్లకూ చెప్పండి. చెప్పేటప్పుడు మాత్రం ఒళ్లో కూర్చోబెట్టుకుని చెప్పండి.